పెర్ల్: ఫోల్డర్లో ఉన్న ఫైళ్ల పేర్లను బట్టి అవుట్‌పుట్ ఫైలుకి పేరు పెట్టేదెలా?

కాటాచీటీ (గుంటూరు):

అందరికీ నమస్తే. మిర్చి కమిషన్ కొట్లో నడిచే చిన్న పెర్ల్ స్క్రిప్టు గురించి అడుగుతున్నాను. కాటా దగ్గర ఒక్కో లాట్‌కి ఒక్కో టెక్స్ట్ ఫైలు తయారై షేర్డ్ ఫోల్డర్లో పడుతుంది. పేర్లలో మిర్చి రకం, తేదీ, లాట్ నంబరు ఇలా ఉంటాయి: తేజ_2025-02-12_7, బాడిగ_2025-02-12_3, 334_2025-02-12_11. అన్నిటి వెనకా డాట్ టీఎక్స్‌టీ. లోపల వరసకో టిక్కీ (మిర్చి బస్తా): రైతు నంబరు, టిక్కీ నంబరు, తూకం కిలోల్లో.

కావలసినవి రెండు. ప్రతి ఫైలుకీ అదే పేరుతో సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక ఫైలు) రావాలి. సాయంత్రం రకం వారీగా అన్నీ కలిపి మొత్తం_తేజ_2025-02-12_1 అని ఒక ఫైలు రావాలి. సవరణలొచ్చి మళ్లీ నడిపితే పాతది పోకుండా 2, 3 అని పెరగాలి.

ఇప్పుడు రీడ్‌డిర్‌తో (ఫోల్డర్లోని పేర్లిచ్చే ఫంక్షన్) పేర్లన్నీ తీసుకుని, సార్ట్ చేసి, చివరి పేరులోని నంబరుకి ఒకటి కలుపుతున్నాను. సీఎస్‌వీ పేరు కోసం డాట్ టీఎక్స్‌టీని డాట్ సీఎస్‌వీగా మారుస్తున్నాను. తేడాలు ఇవీ:

9 దాకా బాగానే వస్తుంది. 10 వచ్చాక అక్కడే ఆగిపోయి, ఎన్నిసార్లు నడిపినా 10 మీదే రాస్తోంది. మైనస్ ఎఫ్‌తో ఫైలా కాదా అని చూస్తే ఉన్న ఫైలుని కూడా లేదంటోంది, అందుకని ఆ లైను తీసేశాను. రెండోసారి నడిపితే టిక్కీల లెక్క రెట్టింపు అవుతోంది. అన్నిటికన్నా భయం వేసింది ఏంటంటే, 334 రకం ఫైళ్లు రెండు సున్నా బైట్లయిపోయాయి. ఆ రెండూ పాత కాటా మిషను నుంచి వచ్చినవి. కాటా సిస్టంలో విండోస్, ఆఫీసులో ఉబుంటు 22.04, పెర్ల్ 5.34.

బ్రాడీపేట4:

ముందు ఆ సున్నా బైట్ల సంగతి చూడండి, మిగతావి తర్వాత. పాత మిషను ఫైళ్ల పేర్ల చివర టీఎక్స్‌టీ పెద్ద అక్షరాల్లో ఉందేమో గమనించండి. మీ సబ్‌స్టిట్యూషన్ చిన్న అక్షరాలనే వెతుకుతుంది. దొరక్కపోతే పేరు మారదు, ఎర్రరూ రాదు. అంటే అవుట్‌పుట్ పేరు ఇన్‌పుట్ పేరే అయి కూర్చుంటుంది. దాన్ని > (రాసే) మోడ్‌లో ఓపెన్ చేసిన క్షణంలోనే, ఒక్క అక్షరం రాయకముందే, ఫైలు ఖాళీ అవుతుంది. చదవడానికి ముందే ఓపెన్ చేసి ఉంటే తూకాలు పోయినట్టే. కాటా సిస్టంలో కాపీ ఉంటే ఇవాళే తెచ్చుకోండి.

సబ్‌స్టిట్యూషన్‌కి చివర ఐ ఫ్లాగ్ (పెద్ద, చిన్న అక్షరాల తేడా చూడొద్దని చెప్పేది) పెడితే ఈ రెండు ఫైళ్లూ గట్టెక్కుతాయి. రేపు ఎవరో డాట్ డీఏటీ అని పంపితే మళ్లీ అదే కథ. అందుకని ఎక్స్‌టెన్షన్ ఏదైనా సరే తీసేసే పద్ధతి మంచిది. ఫైల్::బేస్‌నేమ్ మాడ్యూల్‌లో ఫైల్‌పార్స్ ఉంది. దానికి పూర్తి పాత్, రెండో ఆర్గ్యుమెంటుగా \.[^.]* అనే ప్యాటర్న్ ఇస్తే మూల పేరు, ఫోల్డరు, ఎక్స్‌టెన్షన్ మూడూ ఆ వరసలో విడివిడిగా ఇస్తుంది. మూల పేరు వెనక డాట్ సీఎస్‌వీ తగిలించండి. ఓపెన్ చేసే ముందు ఒక్క పోలిక తప్పనిసరి: కొత్త పేరు, పాత పేరు ఒకటే అయితే డై (స్క్రిప్టుని అక్కడే ఆపే ఆదేశం). ఈ ఒక్క లైను మిమ్మల్ని చాలాసార్లు కాపాడుతుంది.

ఓపెన్ లైనులో రెండు నిలువు గీతలతో డై రాశారా, ఆర్ అన్న మాటతో రాశారా? ఓపెన్‌కి బ్రాకెట్లు లేకుండా || రాస్తే అది ఫైలు పేరుకి అతుక్కుంటుంది. పేరు ఎప్పుడూ ఖాళీ కాదు కాబట్టి డై ఎప్పటికీ జరగదు. ఆర్ అనే మాటే వాడండి.

ఇక 10 దగ్గర ఆగడం. సార్ట్ ఊరికే పిలిస్తే అక్షరాల వరసలో పేరుస్తుంది. 1, 10, 2, 3 ... 9. చివర మిగిలేది ఎప్పుడూ 9, దానికి ఒకటి కలిపితే ఎప్పుడూ 10. అసలు మీకు సార్టే అక్కర్లేదు, పెద్ద నంబరు ఎంతో తెలిస్తే చాలు. ప్రతి పేరు మీదా ఈ రెగెక్స్ (వెతికే నమూనా) నడపండి:

_([0-9]+)\.[^.]+$

చివరి అండర్‌స్కోరుకీ ఎక్స్‌టెన్షన్‌కీ మధ్య అన్నీ అంకెలే ఉంటేనే ఇది పట్టుకుంటుంది. ముందు అండర్‌స్కోరు పెట్టకపోతే, నంబరు లేని తేజ_2025-02-12 లాంటి పేరు తగిలినప్పుడు తేదీలోని 12ని లాట్ నంబరనుకుంటుంది. అంకెలు ఎక్కడున్నా చాలని ([0-9]+) ఒక్కటే రాస్తే ఇంకా ఘోరం, 334 రకానికి తర్వాతి ఫైలు 335 అవుతుంది. మ్యాప్ లోపల ఈ రెగెక్స్ ఒక్కటే రాస్తే చాలు, లిస్ట్ కాంటెక్స్ట్‌లో దొరికిన నంబర్లు మాత్రమే వస్తాయి, దొరకని పేర్లు వాటంతటవే జారిపోతాయి. ఆ జాబితాని లిస్ట్::యూటిల్‌లోని మ్యాక్స్‌కి ఇవ్వండి, ముందు ఒక 0 చేర్చి. ఖాళీ జాబితా ఇస్తే మ్యాక్స్ అన్‌డెఫ్ (విలువ లేదని) ఇస్తుంది, రోజులో మొదటి ఫైలుకి వార్నింగ్ వస్తుంది. 0 ఉంటే ఆ గొడవ లేదు.

ఈ పని ఆ రకానికి, ఆ తేదీకి చెందిన పేర్ల మీద మాత్రమే చేయాలి. మొత్తం_తేజ_2025-02-12_ అన్న ముక్క పేరు మొదట్లో ఉందా అని ఇండెక్స్‌తో చూసి, 0 వస్తేనే లెక్కలోకి తీసుకోండి. ఫైళ్లు ఎన్నున్నాయో లెక్కపెట్టి ఒకటి కలిపే పద్ధతి జోలికి మాత్రం వెళ్లకండి. మధ్యలో ఎవరైనా 2 తీసేస్తే, మిగిలిన 1, 3 రెండే కాబట్టి కొత్తది 3 అవుతుంది, ఉన్న 3 పోతుంది.

మైనస్ ఎఫ్ తప్పేం చెప్పలేదు. రీడ్‌డిర్ ఇచ్చేది ఉత్త పేరు, పాత్ కాదు. స్క్రిప్టు మీరు నిలబడ్డ ఫోల్డర్లో ఆ పేరు వెతుకుతుంది, ఉండదు. ఫైల్::స్పెక్‌లోని క్యాట్‌ఫైల్‌తో ఫోల్డరునీ పేరునీ కలిపి అప్పుడు పరీక్షించండి. తీసేసిన లైను మళ్లీ పెట్టండి, లేకపోతే ఒక చుక్క, రెండు చుక్కలు అనే ఎంట్రీలు కూడా ఫైళ్ల లెక్కలో చేరతాయి.

రెట్టింపు ఎందుకో మీకే తెలిసి ఉండాలి. మొత్తం ఫైలుకి కూడా డాట్ టీఎక్స్‌టీయే పెడుతున్నారు, రెండోసారి అది కూడా ఇన్‌పుట్ అయిపోతోంది. అవుట్‌పుట్‌కి వేరే సబ్‌ఫోల్డరు పెట్టేయండి. అప్పుడు పెద్ద నంబరు వెతకాల్సింది ఆ సబ్‌ఫోల్డర్లో, కాటా ఫోల్డర్లో కాదు.

కాటాచీటీ:

సార్, మీరన్నట్టే ఆ రెండిటి చివరా పెద్ద అక్షరాలే. కాటా సిస్టంలో కాపీలున్నాయి, తెచ్చుకున్నాను. మ్యాక్స్ పెట్టాక 10, 11, 12 సరిగ్గా వస్తున్నాయి.

ఇంకొక సంగతి. స్క్రిప్టుని ఆఫీసులో రెండు సిస్టంల నుంచి నడుపుతారు. ఇద్దరూ ఒకేసారి నొక్కితే ఇద్దరికీ ఒకే నంబరు వస్తుందా? మైనస్ ఈతో ఫైలు ఉందేమో చూసి ఓపెన్ చేస్తే సరిపోతుందా?

కృష్ణలంక_కమాండ్ (విజయవాడ):

సరిపోదండీ. మైనస్ ఈతో చూడటానికీ ఓపెన్ చేయడానికీ మధ్య సందు ఉంటుంది. మొదటి సిస్టం చూసినప్పుడు 13 లేదు, రెండోది చూసినప్పుడూ లేదు. ఇద్దరూ 13 తెరుస్తారు, వెనక తెరిచినవాడు ముందువాడి ఫైలుని తుడిచేస్తాడు. రోజూ జరగదు కాబట్టే పట్టుకోవడం కష్టం. సాయంత్రం లెక్కల వేళ అందరూ ఒకేసారి నొక్కుతారు, అప్పుడే జరుగుతుంది.

ఉందా అని అడగడం, లేకపోతే సృష్టించడం రెండూ ఒకే దెబ్బలో జరగాలి. మామూలు ఓపెన్‌లో దీనికి మోడ్ లేదు. సిస్‌ఓపెన్ వాడండి. ఎఫ్‌సీఎన్‌టీఎల్ మాడ్యూల్ తెచ్చుకుని ఓ_రైట్‌ఓన్లీ, ఓ_క్రియేట్, ఓ_ఎక్స్‌క్లూజివ్ అనే అర్థమున్న మూడు ఫ్లాగులని ఒక్క నిలువు గీతతో కలిపి ఇవ్వండి. మాడ్యూల్లో వీటి స్పెల్లింగ్ కురచగా ఉంటుంది, పెర్ల్‌డాక్ చూసి దించుకోండి. నాలుగో ఆర్గ్యుమెంటు 0644. ముందున్న సున్నా మర్చిపోతే అది ఆక్టల్ (ఎనిమిది ఆధారంగా లెక్కించే అంకె) కాకుండా పోయి పర్మిషన్లు తిక్కతిక్కగా వస్తాయి. ఫైలు అప్పటికే ఉంటే సిస్‌ఓపెన్ విఫలమవుతుంది, ఉన్నదాన్ని ముట్టుకోదు.

విఫలమైతే నంబరు ఒకటి పెంచి మళ్లీ ప్రయత్నించే లూప్ రాయాలి. ఇక్కడే అందరూ బోర్లా పడతారు: ఏ కారణంతో విఫలమైనా నంబరు పెంచుకుంటూ పోతారు. ఫోల్డర్లో రాయడానికి పర్మిషన్ లేకపోతే 13 విఫలం, 14 విఫలం, లక్ష కూడా విఫలం, స్క్రిప్టు ఆగదు. అందుకని చివరి ఎర్రరు ఉండే $! చూడాలి. ఎర్‌నో మాడ్యూల్లోని ఈఎగ్జిస్ట్ (ఫైలు అప్పటికే ఉందన్న ఎర్రరు) అయితేనే పెంచండి, ఇంకేదైనా అయితే ఆ మెసేజ్‌తో సహా డై.

ఇది పేరు పట్టుకోవడం వరకే. రాస్తుండగా కరెంటు పోతే సగం ఫైలు మిగులుతుంది, చూసేవాడు అదే పూర్తి లెక్క అనుకుంటాడు. దీనికి విరుగుడు: అదే ఫోల్డర్లో చుక్కతో మొదలయ్యే తాత్కాలిక పేరుతో, ప్రాసెస్ నంబరూ మెషీన్ పేరూ కలిపి, ఫైలు రాయండి. క్లోజ్ చేయండి. క్లోజ్ ఫలితం కూడా చూడండి, డిస్కు నిండిపోయిందన్న సంగతి చాలాసార్లు అక్కడే బయటపడుతుంది. ఆ తర్వాత అసలు పేరుకి మార్చండి.

మార్చడానికి రీనేమ్ వాడితే లైనక్స్‌లో అది ఉన్న ఫైలుని చప్పుడు లేకుండా తొక్కేస్తుంది. కాబట్టి ముందు సిస్‌ఓపెన్‌తో 13 అనే ఖాళీ ఫైలు సృష్టించి నంబరు రిజర్వ్ చేసుకోండి, పని పూర్తయ్యాక మీ సొంత ఖాళీ ఫైలు మీదికే రీనేమ్ చేయండి. ఇంకో దారి, రీనేమ్ బదులు లింక్, అంటే అదే ఫైలుకి రెండో పేరు (హార్డ్ లింక్) పెట్టడం. తాత్కాలిక పేరు నుంచి అసలు పేరుకి లింక్ వేస్తే, అసలు పేరు అప్పటికే ఉంటే అది విఫలమవుతుంది. విజయవంతమైతే తాత్కాలిక పేరుని అన్‌లింక్ చేయండి (తీసేయండి). నాకు లింక్ పద్ధతే నచ్చుతుంది, ఖాళీ ఫైళ్లు మిగలవు. కానీ హార్డ్ లింకులు లేని ఫైల్‌సిస్టంలో, ఎఫ్‌ఏటీ పెన్‌డ్రైవ్ లాంటివాటిలో, నడవదు. షేర్డ్ ఫోల్డర్ మీద ముందు చేత్తో ఒకసారి ప్రయత్నించి చూడండి.

తాత్కాలిక ఫైలుని టెంప్ డైరెక్టరీలో పెట్టకండి. అది వేరే పార్టిషన్ అయితే రీనేమూ లింకూ రెండూ పనిచేయవు. ఫైల్::కాపీలోని మూవ్ అప్పుడు పనిచేసినట్టే కనిపిస్తుంది, నిజానికి అది కాపీ చేసి పాతది తీసేస్తుంది, అంటే సగం ఫైలు బెడద మళ్లీ మొదటికొస్తుంది.

కాటాచీటీ:

సిస్‌ఓపెన్ లూప్ పనిచేస్తోంది. షేర్డ్ ఫోల్డర్లో లింక్ ఒప్పుకోలేదు, రిజర్వ్ చేసి రీనేమ్ పద్ధతికి వచ్చాను.

స్క్రిప్టులో మొత్తం అన్న మాట తెలుగులో రాసినందుకు పైన యూజ్ యూటీఎఫ్8 (స్క్రిప్టు యూటీఎఫ్8లో ఉందని పెర్ల్‌కి చెప్పే లైను) పెట్టాను. ఇప్పుడు అవుట్‌పుట్ పేరులో మొత్తం బాగానే వస్తోంది, వెనక తేజ ఉండాల్సిన చోట పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. 334కి మాత్రం ఏ తేడా లేదు. గ్లాబ్ (స్టార్ గుర్తుతో ఫైళ్లు వెతికే ఫంక్షన్) వాడితే పాత్‌తో సహా వస్తుందని విన్నాను, దానికి మారితే ఇది పోతుందా?

ఏలూరురోడ్డు_లిపి (విజయవాడ):

గ్లాబ్‌కీ దీనికీ సంబంధం లేదు. మీ పేరులో రెండు రకాల స్ట్రింగులు కలిశాయి. యూజ్ యూటీఎఫ్8 వల్ల స్క్రిప్టులోని "మొత్తం" అక్షరాల స్ట్రింగ్ అయింది. రీడ్‌డిర్ ఇచ్చిన "తేజ" బైట్ల స్ట్రింగ్‌గానే ఉంది. యూటీఎఫ్8లో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు: త, ఏత్వం, జ కలిపి 9. రెండిటినీ అతికించగానే పెర్ల్ ఆ 9 బైట్లనీ 9 వేర్వేరు అక్షరాలనుకుని మళ్లీ యూటీఎఫ్8లోకి మారుస్తుంది. తేజ డిస్కు మీద 18 బైట్లవుతుంది, మీరు చూస్తున్న పిచ్చి అక్షరాలు అవే. 334లో అన్నీ ఒక్క బైటు అంకెలు కాబట్టి దానికేం కాలేదు.

లోపలికి వచ్చేటప్పుడు డీకోడ్, బయటికి పోయేటప్పుడు ఎన్‌కోడ్. రీడ్‌డిర్ నుంచి వచ్చిన ప్రతి పేరునీ ఎన్‌కోడ్ మాడ్యూల్లోని డీకోడ్‌కి యూటీఎఫ్-8 అని చెప్పి పంపండి. లోపల పోలికలు, రెగెక్స్, అతికింపులు అన్నీ ఆ డీకోడైన పేర్ల మీదే. సిస్‌ఓపెన్, రీనేమ్, మైనస్ ఎఫ్, అన్‌లింక్ లాంటి డిస్కుని తాకే ప్రతి చోటా ఇచ్చే ముందు ఎన్‌కోడ్ చేయండి. ఒక్క చోట మర్చిపోయినా ఆ ఒక్క చోట తప్పే అవకాశం ఉంటుంది. పాత్ తీసుకుని బైట్లిచ్చే చిన్న సబ్‌రొటీన్ ఒకటి రాసుకుని అన్నిచోట్లా దాన్నే పిలవండి.

ఫైలు లోపలి విషయం వేరే లెక్క. సిస్‌ఓపెన్‌తో తెరిచిన హ్యాండిల్‌కి బిన్‌మోడ్‌తో యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్ లేయర్ పెట్టాలి, లేకపోతే వైడ్ క్యారెక్టర్ వార్నింగులు వరస కడతాయి.

డీకోడ్ చేశాక ఇంకో కొత్త చిక్కు ఉంది, పైన బ్రాడీపేట గారు [0-9] అని రాయడం ఊరికే కాదు. బ్యాక్‌స్లాష్ డి రాస్తే డీకోడైన స్ట్రింగ్‌లో తెలుగు అంకెలని కూడా పట్టుకుంటుంది. కాటా దగ్గర ఎవరైనా తెలుగు కీబోర్డుతో తేజ_2025-02-12_౭ అని సేవ్ చేస్తే రెగెక్స్ సరేనంటుంది, కానీ ఆ ౭ని పెర్ల్ లెక్కలో 0గానే చూస్తుంది. [0-9] అయితే ఆ పేరు అసలు పట్టుబడదు. పట్టుబడని పేర్లని ఊరికే వదిలేయకుండా స్క్రీన్ మీద చూపించండి, మనిషి సరిచేస్తాడు.

కంటికి కనపడని ఇంకో దొంగ జీరో విడ్త్ నాన్‌జాయినర్. పొల్లు తర్వాత ఒత్తు రాకుండా తెలుగు కీబోర్డులు దీన్ని చొప్పిస్తాయి. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు రకం పేర్లు వేర్వేరు గుంపులుగా పడుతుంటే దీన్నే అనుమానించండి. రకం పేరుని గుంపు కట్టే ముందు యూ+200సి అనే ఆ గుర్తుని తీసేయండి. తేజ, బాడిగల్లో అది వచ్చే చోటు లేదు, కోల్డ్ స్టోరేజీ పేర్లు చేర్చడం మొదలుపెడితే వస్తుంది.

పేరు పొడవు కూడా గుర్తుంచుకోండి. ఈఎక్స్‌టీ4లో (లైనక్స్ ఫైల్‌సిస్టం) ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. తెలుగులో అంటే 85 గుర్తులు, అదీ గుణింతాలు, పొల్లులు విడివిడిగా లెక్కేస్తే. "మొత్తం" ఒక్కటే 18 బైట్లు. రైతు పేరు, ఊరు పేరు కూడా ఫైలు పేరులోకి ఎక్కిద్దామనుకుంటే ఆలోచించి చేయండి.

స్క్రిప్టుని విండోస్‌లో కూడా నడపాలన్న ఉద్దేశం ఉంటే తెలుగు పేర్లు మానేయండి. అక్కడ పెర్ల్ రీడ్‌డిర్ పాత ఏఎన్‌ఎస్‌ఐ దారిలో పోతుంది. తెలుగుకి ఆ కోడ్‌పేజీ (అక్షరాల పట్టిక) లేదు, పేర్లు సరిగ్గా రావు. విన్32::లాంగ్‌పాత్ లాంటి మాడ్యూల్ తగిలించాలి. ఉబుంటులోనే నడిపితే ఆ బాధ లేదు.

బ్రాడీపేట4:

గ్లాబ్ గురించి ఒక్క మాట. మీ షేర్డ్ ఫోల్డరు పేరులో స్పేస్ ఉందా? "మిర్చి యార్డ్ 2025" లాంటి పేరైతే గ్లాబ్ దాన్ని మూడు ముక్కలు చేస్తుంది. స్టార్ గుర్తు లేని ముక్కల్ని, డిస్కు మీద ఉన్నా లేకపోయినా, ఫైళ్లన్నట్టే తిరిగిస్తుంది. మిర్చి, యార్డ్ అనే రెండు లేని ఫైళ్లు జాబితాలోకి వస్తాయి. గ్లాబే కావాలంటే ఫైల్::గ్లాబ్ నుంచి బీఎస్‌డీ_గ్లాబ్ తెచ్చుకోండి, అది స్పేస్ దగ్గర విరగదు. పాత్‌తో సహా ఇస్తుందన్నది నిజమే, క్యాట్‌ఫైల్ అక్కర్లేదు. వరస మాత్రం అక్షరాల వరసే, 10 మళ్లీ 2 కంటే ముందే.

రీడ్‌డిర్‌తోనే ఉంటే, లూప్ తిరుగుతుండగా అదే ఫోల్డర్లో కొత్త ఫైళ్లు సృష్టించకండి. మధ్యలో పుట్టిన ఫైలు జాబితాలో వస్తుందో రాదో చెప్పలేం. మొత్తం పేర్లు ఒక అర్రేలోకి లాగి, క్లోజ్‌డిర్ చేసి, అప్పుడు రాయడం మొదలుపెట్టండి.

కాటాచీటీ:

ఫోల్డరు పేరులో స్పేస్ ఉంది, కాబట్టి రీడ్‌డిర్‌తోనే ఉంటాను. డీకోడ్, ఎన్‌కోడ్ పెట్టాక పేర్లు శుభ్రంగా వస్తున్నాయి. ఆఖరి ప్రశ్న. 1, 2 బదులు 001, 002 అని ఉంటే ఫోల్డర్ తెరిచినప్పుడు వరసగా కనిపిస్తాయి కదా. పాతవి ఎలాగున్నవి అలాగే ఉంచి కొత్తవి మూడంకెలతో మొదలుపెట్టొచ్చా? 008, 009 ఆక్టల్ అనుకుని తప్పు లెక్క వేయదు కదా?

కృష్ణలంక_కమాండ్:

మొదలుపెట్టొచ్చు. ఆక్టల్ భయం కోడ్‌లో నేరుగా 010 అని రాసిన అంకెకే. పేరులోంచి రెగెక్స్‌తో తీసిన "010" స్ట్రింగ్, పెర్ల్ దాన్ని పదిగానే చూస్తుంది, ఒకటి కలిపితే 11. ఆక్టల్ కావాలంటే ఆక్ట్ ఫంక్షన్‌ని మీరే పిలవాలి.

కలిపాక సున్నాలు పోతాయి, స్ప్రింట్‌ఎఫ్‌లో వెడల్పు 03 ఇచ్చి మళ్లీ తెచ్చుకోండి. ++ వేస్తే సున్నాలు వాటంతటవే ఉంటాయని ఎవరైనా చెబితే నమ్మకండి. ఇంగ్లిష్ అక్షరాల తర్వాత అంకెలుండే పేర్లకే ఆ సౌకర్యం. ఉత్త "009" అయితే 10 అవుతుంది. అంకెతో మొదలుకాని పేరులో అండర్‌స్కోరో తెలుగు అక్షరమో ఉంటే పేరంతా 0గా మారి 1 వస్తుంది.

ఒక్క జాగ్రత్త: పాత 7, కొత్త 007 డిస్కు దృష్టిలో వేర్వేరు పేర్లు. సిస్‌ఓపెన్ రెండిటినీ ఉండనిస్తుంది. మ్యాక్స్ విలువని చూస్తుంది కాబట్టి రోజు మధ్యలో మారినా నంబరు ముందుకే పోతుంది. అయినా ఒక తేదీ మొదట్లోనే మార్చండి, ఒకే రోజు ఫైళ్లలో రెండు రూపాలు ఉంటే వెతికేవాళ్లు తికమక పడతారు. 999 దాటితే స్ప్రింట్‌ఎఫ్ కోయదు, 1000 అనే రాస్తుంది. లెక్క తప్పదు, ఫోల్డర్లో కనిపించే వరసే మారుతుంది.